తేనెటీగ కుట్టినపుడు ఇంటి వైద్యము ఎంతవరకు?

తేనెటీగ కుట్టినచో నేమి చేయవలెనని మన బద్వేలు సీమలో పదిమంది నడిగినచో పది మందులు చెప్పుదురు. ఒకరు తాంబూలపు సున్నము పూయుమందురు. ఒకరు ఎర్రగడ్డను కోసి రుద్దుమందురు. ఇనుపముక్కతో నొత్తుమనువారును, పొగాకు నమిలి పట్టు వేయుమనువారును, కిరసనాయిలు చాలుననువారును గలరు. మంత్రము వేయువానిని పిలువుడనువారు నేటికిని లేకపోలేదు. ఇన్ని మాటలలో ‘ముందుగా ముల్లు తీసివేయుడు’ అను మాట మాత్రము మిక్కిలి అరుదుగా వినబడును. కుట్టినచోట పూయవలసిన మందును గూర్చి మనకు గల శ్రద్ధ, కుట్టిన క్షణమున చేయవలసిన పనిని గూర్చి లేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

ఎరువుల వెలలు, అప్పుల వాయిదాలు, విత్తనపు రకములు చర్చింపవలసిన సహకార పత్రికలో తేనెటీగకు తావేల యని కొందరు తలపవచ్చును. కాని కుట్టించుకొనువారెవరు? పొద్దుతిరుగుడు చేనిలో పనిచేయు కూలి స్త్రీ; చింతకాయలు రాల్చుటకు చెట్టెక్కిన యువకుడు; గట్టుమీది చెట్టునకు ఎద్దులను కట్టి సద్ది విప్పిన రైతు; గొఱ్ఱెలను లంకమల వాలునకు తోలుకొనిపోవు పిల్లవాడు. వీరందరును మన సభ్యులో, మన సభ్యుల యింటివారో. పంటకు వచ్చు తెగులును గూర్చి పుటలు నింపుచు, పండించువానికి వచ్చు ఆపదను గూర్చి యొక పుటయైన కేటాయింపకుండుట న్యాయము కాదు.

మన ప్రాంతమున తేనె కూర్చి కుట్టు ఈగలు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది పెద్ద తేనెటీగ. ఇది కొండచఱియలయందును, మఱ్ఱి, రావి వంటి మహావృక్షముల కొమ్మల క్రిందను, నీళ్లట్యాంకుల క్రిందను, గోపురముల మూలలందును ఒకే పెద్దపట్టు వ్రేలాడదీయును. రెండవది చెట్టుతొఱ్ఱలలోను పుట్టలలోను వరుసగా పెక్కు పట్లు పెట్టునది. పెట్టెలో పెంచుటకు లొంగునది. మూడవది పొదలలో సన్నకొమ్మకు అరచేతియంత పట్టు పెట్టు చిన్న ఈగ. కందిరీగ వీనిలో చేరదు. అది వేరు జాతి. ఈ భేదము ఎఱుంగుట పండితులకే గాక మనకును అవసరము. ఏలయనగా తేనెటీగ ముల్లునకు వెనుకకు తిరిగిన సన్నని కొక్కెములు గలవు. అది మన చర్మమున దిగిన పిమ్మట వెలికి రాదు. ఈగ విడిపించుకొని యెగిరిపోవునపుడు ముల్లును, దానితో విషపుసంచియు, ఆ సంచిని నడపు కండరములును తెగి మన యొంటిమీదనే నిలిచిపోవును. ఈగ చచ్చును గాని సంచి చావదు. అది తనంతట తాను కదలుచు లోనికి విషమును త్రోయుచునే యుండును. కందిరీగ ముల్లు నునుపైనది. అది కుట్టి తీసికొని మరల కుట్టగలదు. కావున కందిరీగ కుట్టినచోట ముల్లును వెదకుచు కూర్చుండుట వ్యర్థము.

ఆ సంచి ఎంతసేపు పనిచేయునో శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. 1994లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనము ననుసరించి, విషములో నూటికి తొంబది పాళ్లు 20 సెకనులలోపలనే లోనికి పోవును. ఒక నిమిషములో సర్వము ముగియును. 1996లో విష్షర్, వెట్టర్, కామజీన్ అను మువ్వురు మరియొక సందేహమును తీర్చిరి. అంతకు పూర్వము వైద్యగ్రంథములు ముల్లును వ్రేళ్లతో పట్టి పీకరాదనియు, పట్టినచో సంచి నొక్కుకొని విషము మరింత దిగుననియు, కత్తి వెనుకవాదరతో గీచి తీయవలెననియు బోధించుచుండెడివి. వీరు రెండు విధములను పరీక్షించి వాపును కొలిచిరి. పీకినను గీచినను భేదము లేకపోయెను; ఆలస్యమైనకొలది మాత్రము వాపు పెరిగెను. కావున కత్తికై ఇంటిలోనికి పరుగెత్తువాడు, అట్టముక్కకై వెదకువాడు తనకు తానే విషము ఎక్కించుకొనుచున్నాడు. గోటితో, కొంగుతో, తలగుడ్డ చెఱగుతో, ఏది చేతనున్న దానితో తక్షణమే లాగివేయవలెను. పిల్లలకు ఈ యొక్క మాట నేర్పినను చాలును.

ముల్లు తీసిన పిమ్మట ఆ చోటు విడిచి దూరముగా పోవలెను. కుట్టిన ఈగ తన తోడివారిని పిలుచు నొక వాసనను విడుచును. అది మాగిన అరటిపండు వాసన వంటిది. ఆ పదార్థమేమో 1962లోనే శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ వాసన మన బట్టలమీద నున్నంతసేపు మరిన్ని ఈగలు అచ్చటనే కుట్టుటకు వచ్చును. ఈగను అచ్చటనే నలిపి చంపుటయు ఇట్టి ఆహ్వానమే. పిదప సబ్బుతో కడిగి, కుండనీటిలో తడిపిన గుడ్డను పది పదునైదు నిమిషములు వేసి యుంచవలెను. మంచుగడ్డ దొరకినచో గుడ్డలో చుట్టియే పెట్టవలెను. చేతికి కుట్టినచో ఉంగరమును, గాజులను, కాలికి కుట్టినచో మెట్టెలను వాపు రాకముందే తీయవలెను. మెట్టె తీయుట అశుభమని జంకు స్త్రీలు గలరు. వ్రేలు వాచి, నెత్తురు ఆడక, కంసాలిచేత మెట్టెను కోయించుకొనుటకంటె ముందుగా తీసి పసుపుదారమున కట్టి పెట్టెలో నుంచుట మేలు గదా.

ఇక మన యింటి మందుల మాట. వీనినన్నిటిని మూఢాచారములని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. అన్నియు తాతముత్తాతల విజ్ఞానమని తలకెత్తుకొనుటయు సమ్మతము కాదు. ఒక్కొక్కదానిని విడివిడిగా చూడవలెను.

సున్నమును గూర్చి మొదట చెప్పవలెను, ఏలయన మన పల్లెలలో దానిని పూయనివారు తక్కువ. తడిసున్నము తీవ్రమైన క్షారము. తాపీపనివాని వ్రేళ్లను చూచినవారికి అది చర్మము నేమి చేయునో చెప్పనక్కరలేదు. అది పిల్లల లేతచర్మమును కాల్చును. కంటిరెప్పపై కుట్టినపుడు పూసినచో కంటిలోనికి జారి చూపును హరింపగలదు. ఈగ కాటు రెండు దినములలో మానును, సున్నపు పుండు రెండు వారములు నిలుచును. దీనిని సమర్థించువారు ఒక తర్కము చెప్పుదురు: తేనెటీగ విషము ఆమ్లము గనుక క్షారము దానిని విఱుచుననియు, కందిరీగ విషము క్షారము గనుక దానికి చింతపులుసో నిమ్మరసమో తగుననియు. తర్కము వినుటకు చక్కగనే యున్నది. పాఠశాల పుస్తకములలో సైతము చోటు సంపాదించినది. కాని ఆ విషము ఆమ్లమగుటచేత మండుట లేదు. ఎండిన విషములో సుమారు సగము మెలిటిన్ అనెడు పదార్థము. అది కణముల పొరలను చీల్చును. తక్కినవానిలో కొన్ని నెత్తురునాళములను సడలించి వాపు తెచ్చును, కొన్ని ఆ విషమునకు లోనికి త్రోవ చేయును. మరియు ఒక్క కాటులోని విషము మిల్లీగ్రాములో సుమారు పదియవ వంతు మాత్రమే. అదియు చర్మము క్రిందికి చేరినది. పైన పూసిన సున్నము గాని, సోడా గాని, పులుసు గాని దానిని ముట్టనే ముట్టవు. సోడాయు పులుసును హాని చేయవు కాబట్టి వానితో నాకు పేచీ లేదు. సున్నమును మాత్రము మానవలెను.

కిరసనాయిలు చర్మమును పొక్కించును. పేడ, పుట్టమన్ను కుట్టినచోట పూయుట ధనుర్వాతమునకు తలుపు తెఱచుట. ఇవి రెండును వర్జ్యములు. పొగాకు నమిలిన ఉమ్ము శుభ్రమైన వస్తువని ఎవరును చెప్పజాలరు. మరియు పసిపిల్లల యొంటికి పొగాకు రసము తగులుట మంచిది కాదు. ఎర్రగడ్డ ముక్క, తులసి ఆకు, కలబంద గుజ్జు, కొంచెము తేనె, ఇవి చల్లదనమిచ్చి బాధను మరపించును. హానియు దాదాపుగా లేదు. పసుపును వాడదలచినచో చర్మము చిట్లనిచోట వాడుకొనవచ్చును. బొప్పాయి పాలు మాంసమును మెత్తబఱచును గనుక విషమును గూడ జీర్ణము చేయునని కొందరు చెప్పుదురు. కోడూరు ప్రాంతమున బొప్పాయితోటలు మెండు గనుక ఈ మాట మన జిల్లాలో వ్యాపించుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ పాలు చర్మమును దాటి లోనికి పోవు. మరియు అవియే కొందరికి దురదయు దద్దురును తెచ్చును. ఇనుపముక్క రుద్దుటలో గుణమున్నచో అది యినుము చల్లగా నుండుటయే. మంత్రమునకు వత్తము. మంత్రముచేత నమ్మిక గలవానికి ధైర్యము కలుగుననుట నిజమే. నూటికి తొంబదిమందికిపైగా కుట్టించుకొన్నవారు ఏ మందును లేకయే కోలుకొందురు గనుక మంత్రమును సున్నమును ఇనుమును అన్నియు ‘పనిచేసిన’వే యగును. అన్ని మందులును గెలుచు పందెములో ఏ మందు గొప్పదియో తేల్చుట ఎట్లు?

అంగడిలో దొరకు మందులలో సెటిరిజీన్ మాత్ర దురదను దద్దురును తగ్గించును. పారాసెటమాల్ నొప్పికి చాలును. కాలమైన్ నీటిమందు పూతకు మంచిది. వాపు మొదటి రెండు దినములు పెరుగుట, చేతికి కుట్టినచో మోచేతిదాక ప్రాకుట కొందరికి సహజము. అది చీము పట్టుట కాదు. అందులకై యాంటిబయాటిక్కులు మింగనక్కరలేదు. కంటిగ్రుడ్డుపై కుట్టినను, నోటిలోపల లేక గొంతుకలో కుట్టినను మాత్రము ఇంట నిలువరాదు. తేనెపట్టును నోటితో కొఱుకు బాలురకును, మూత తీసియుంచిన పానకమును చూడక త్రాగువారికిని ఇట్టి ప్రమాదము గలదు. గొంతు వాచినచో ఊపిరికి దారి మూసికొనిపోవును.

ఈ సందర్భముననే మరియొక మాట. మన పల్లెలలో తేనెటీగకును తేలునకును ఒకే మందు, ఒకే మంత్రము నడచుచున్నవి. ఎఱ్ఱతేలు కుట్టినపుడు ఒడలు చెమర్చుట, చేతులు కాళ్లు చల్లబడుట, గుండె దడ గలిగినచో అది వేరు రోగము, వేరు చికిత్స. మహారాష్ట్రములోని మహాడ్ అను చిన్న పట్టణమున వైద్యము చేయుచు, డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ ప్రాజోసిన్ అను చవుకమాత్ర దీనికి పనిచేయునని చూపి 1986లో ప్రకటించిరి. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించినది. పల్లె రోగమునకు పల్లెలోని వైద్యుడే మార్గము చూపుట మనకు సంతోషకరము. తేలు కుట్టినచో పిల్లలను తప్పక ఆసుపత్రికి చేర్చవలెను.

ఇంటి వైద్యమునకు హద్దు ఎచ్చటనో ఇపుడు చెప్పెదను. ఈ వ్యాసమున ముఖ్యాంశ మిదియే. కొందరి శరీరమునకు ఈ విషము పడదు. వైద్యులు దీనిని అలర్జీ యందురు. వీరికి వంద కాట్లు అక్కరలేదు. ఒక్క కాటే చాలును. 1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు రిషే, పోర్తియే అనువారు సముద్రజీవుల విషమును కుక్కలకు ఎక్కించి చూచిరి. మొదటిసారి తట్టుకొన్న కుక్క, కొన్ని వారముల పిదప అంతకంటె తక్కువ విషమునకు కొద్దిసేపటిలోనే చచ్చెను. దేహము మొదటి విషమును గుర్తుంచుకొని, రెండవసారి తనపై తానే తిరుగబడినదని తేలెను. ఈ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమానము వచ్చినది. కావున ‘నాకు ఇదివరకు పదిమార్లు కుట్టినవి, ఏమియు కాలేదు’ అనుమాట పదునొకండవ మారునకు పూచీ కాదు.

అట్టి పడనితనము యొక్క గుర్తులు స్పష్టముగా నుండును. కుట్టినచోటనే కాక ఒడలంతయు దద్దురు లేచుట, పెదవులు, నాలుక, కనురెప్పలు ఉబ్బుట, గొంతు బిగిసి మాట బొంగురుపోవుట, ఆయాసము, పిల్లికూతలు, కడుపునొప్పి, వాంతి, కండ్లు తిరిగి కూలబడుట. చేతికి కుట్టగా కడుపు నొచ్చినచో, కాలికి కుట్టగా గొంతు బిగిసినచో, అది ఇంటి మందులకు లొంగు వ్యవహారము కాదని తెలియవలెను. దీనికి ప్రాణము నిలుపు మందు ఒక్కటే: అడ్రినలిన్. దానిని వైద్యుడు తొడ వెలుపలి కండరములోనికి సూదితో ఎక్కించును. అది అతి చవుక మందు. ఎంత చిన్న ఆరోగ్యకేంద్రమునందైనను ఉండదగినది. ఆంగ్లదేశపు వైద్యుడు పంఫ్రీ ఇట్టి మరణములను పరిశీలించి 2000లో వ్రాసిన దానినిబట్టి, ఈగలు కుట్టి మరణించినవారికి గుండె నిలిచిపోవుటకు పట్టిన కాలము నడిమి లెక్కకు 15 నిమిషములు. సున్నము నానబెట్టుటకును, మంత్రగానిని పొరుగూరినుండి పిలిపించుటకును పట్టు కాలమెంతో చదువరులే లెక్కించుకొనవలెను. ఇంటి మందులలో పెక్కింటికి దోషము లేదంటిని; అవి మ్రింగు కాలమే దోషము.

పల్లెలలో సామాన్యముగా అవిల్, డెక్సా సూదులు వేయుదురు. ఇవి దద్దురును, పిదప వచ్చు వాపును తగ్గించుటకు తోడ్పడును గాని, మూసికొనుచున్న గొంతును తెఱచుటకును, పడిపోవుచున్న రక్తపుపోటును నిలుపుటకును చాలవు. అడ్రినలిన్ మొదట, తక్కినవి పిదప. ఆర్.ఎం.పీ.లు ఈ సూదులు వేసి ‘కొంచెముసేపు చూతము’ అని రోగిని కూర్చుండబెట్టుట ప్రమాదకరము. నెత్తురుపోటునకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడుచున్నవారికి అడ్రినలిన్ సైతము మందముగా పనిచేయవచ్చును గనుక ఆ మాట వైద్యునకు ముందే చెప్పవలెను.

రోగిని తీసికొనిపోవు విధమును గూర్చి మనవారు యోచింపరు. కండ్లు తిరుగుచున్నవానిని మోటారు సైకిలుమీద ఇద్దరి నడుమ నిలువుగా కూర్చుండబెట్టి ఒకడు నడుపగా ఒకడు పట్టుకొని పోవుట మన ప్రాంతమున నిత్యము చూచు దృశ్యము. రక్తపుపోటు పడిపోయినవానిని నిలువుగా నుంచినచో గుండెకు నెత్తురు చేరదు. దారిలోనే ప్రాణము పోవచ్చును. వానిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను. ఆయాసము ఎక్కువగా నున్నచో మాత్రము వెనుక కానుకొని కూర్చుండనీయవచ్చును. వాంతి యగుచున్నచో ప్రక్కకు తిప్పవలెను. 2005 ఆగష్టు 15న మన రాష్ట్రమున మొదలైన 108 వాహనమును వెంటనే పిలువవలెను. అది దూరముగా నున్నచో ఆటోలో వెనుక సీటుపై పరుండబెట్టియైనను ఎదురుగా పోవలెను. తెలివి తప్పుచున్నవాని నోట నీరు గాని, సారా గాని పోయరాదు. సూది వేసి తేఱుకొన్నపిదపను కొన్ని గంటలకు వ్యాధి తిరుగబెట్టవచ్చును గనుక వైద్యుడు ఉండుమన్నంతసేపు ఉండవలెను. ‘బస్సు తప్పిపోవును’ అని లేచి రారాదు.

ఇంతవరకు ఒకటి రెండు కాట్ల మాట. పెద్ద తేనెటీగల పట్టు కదలినపుడు కథ వేరు. రాయి విసరిన బాలుని చేతను, క్రింద పెట్టిన పొయ్యి పొగచేతను, పట్టును తన్నుకొనిపోవు తేనెగ్రద్దచేతను అవి లేచును. తప్పు గ్రద్దదైనను శిక్ష క్రింద నున్న మనుష్యునకే. అపుడు నిలిచి చేతులాడించుట, నేలపై బోర్ల పడుట రెండును తప్పు. తలను, ముఖమును కంబళితోనో గోనెతోనో కొంగుతోనో కప్పి, దారి కనబడునంత సందు విడిచి, తిన్నగా పరుగెత్తి ఇంటిలోనికో కారులోనికో దూరి తలుపు మూయవలెను. నూరు గజములు పోయి నిలువరాదు. అవి బహుదూరము తరుముగలవు. సగిలేటి మడుగులోనో, బావిలోనో, బ్రహ్మసాగరపు నీటిలోనో దూకవలెనని తోచవచ్చును. ఈగలు నీటిపై తిరుగుచు తల పైకెత్తువఱకు కాచుకొని యుండును. ఈత రానివానికి ఈగకంటె నీరే ముందు మృత్యువు. పరుగెత్తునపుడు ముండ్లు తీయుటకు నిలువక, క్షేమమైన చోటు చేరిన పిమ్మట చకచక అన్నింటిని గీచివేయవలెను.

ఎద్దుల సంగతి మరవరాదు. పలుపున కట్టిన పశువు పరుగెత్తలేదు. చెట్టుక్రింద కట్టుటకు ముందు తలయెత్తి కొమ్మలను చూచుట, జారుముడి వేయుట, నడుమున చిన్న కత్తి యుంచుకొనుట, ఈ మూడు అలవాట్లును ఒక జతయెద్దుల వెలను కాపాడును. కాని ఈగలు ముసరిన పశువును విడిపించుటకు ఒంటిమీద కప్పు లేక పోరాదు. ఎద్దు పోయినచో సంఘము అప్పు ఈయగలదు. మనిషి పోయినచో ఏ సంఘమేమి ఈయగలదు?

పెద్దవారికి ఇరువది ముప్పది కాట్లు, పిల్లలకు పది కాట్లు దాటినచో అలర్జీ గుర్తులు లేకున్నను ఆసుపత్రికి పోవలెనని నా అభిప్రాయము. విషము ఎక్కువైనపుడు కండరములు కరగి, ఆ మలినము మూత్రపిండములలో అడ్డుపడును. మూత్రము టీనీళ్ల రంగున నల్లబారుట, తగ్గిపోవుట దానికి గుర్తు. ఇది ఆ దినముననే కాక మరునాడును బయటపడవచ్చును. మొదటి దినము లేచి తిరిగినాడు గదా యని నిశ్చింతగా నుండరాదు.

ఇంత విన్నపిమ్మట, ‘అయినచో పట్టుల నన్నింటిని కాల్చివేయుదము’ అనువారు లేవకపోరు. రాత్రివేళ కాగడాతో పట్టు కాల్చుట మన ఊళ్లలో వీరకృత్యముగా ఎంచబడుచున్నది. దీనిని నేను గట్టిగా ఖండించుచున్నాను. పొద్దుతిరుగుడు పువ్వు ఈగ వ్రాలనిదే నిండుగా గింజ కట్టదు. చేలలో తాలుగింజల నేరుకొనుచు విత్తనమును నిందించు రైతు, గట్టుమీది మఱ్ఱిచెట్టున తానే కాల్చిన పట్టును జ్ఞాపకము చేసికొనవలెను. దోస, గుమ్మడి, ఉల్లివిత్తనము, మామిడి, కంది, ఇవియు ఈగలకు ఋణపడినవే. పూతవేళ పగటిపూట పురుగుమందు చల్లుటయు ఇట్టి దుష్కార్యమే. సాయంకాలము ఈగలు పట్టు చేరినపిదప చల్లినచో అదే మందు, అదే ఖర్చు, నష్టము మాత్రము స్వల్పము. పట్టు బడిపైననో బాటపైననో ఉండి తీయక తప్పనిచో, తెలిసినవారిచేత తీయింపవలెను. నల్లమలలోని చెంచులును, మన తూర్పుకొండల యానాదులును తరతరములుగా తేనె తీయు నేర్పరులు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇట్టివారి తేనెను కొనుచున్నది. వారి విద్యకు మనము కూలి యిచ్చి గౌరవించుట మేలు. కిరసనాయిలు డబ్బాతో చెట్టెక్కి మంటలోను కాట్లలోను పడుట మేలు కాదు.

సంఘము చేయగల పని యేమి? 2023 జూన్‌లో కేంద్రప్రభుత్వము దేశమున 2,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు జనౌషధి కేంద్రములు తెఱచుటకు అవకాశము కల్పించుటకు నిర్ణయించినది. ఎరువుల గోదాము ప్రక్కనే చవుకమందులు దొరకు కాలము వచ్చినది. ఇట్టి కేంద్రమునకై మన సంఘములును యత్నింపవలెను. అది కుదురులోపల గోదామునందొక పెట్టె యుంచుట కష్టము కాదు: సబ్బు, శుభ్రమైన గుడ్డలు, సెటిరిజీన్ మాత్రలు, రెండు దళసరి కంబళ్లు. అడ్రినలిన్‌ను మనము వేయరాదు. కాని మన పరిధిలోని ప్రతి ఆరోగ్యకేంద్రమునందు అది సిద్ధముగా నున్నదా, గడువు తీరలేదా, రాత్రివేళ వేయువారు గలరా యని సంఘము పక్షమున వ్రాసి యడుగుట మన హక్కు. ఒంటరి రైతు అడిగినచో దాటవేయవచ్చును; వందలమంది సభ్యులుగల సంఘము లిఖితముగా నడిగినచో సమాధానము చెప్పక తప్పదు. సహకారమనగా అప్పులకే యని ఎచ్చట వ్రాసియున్నది?

మరియు గోదాము గోడమీద ఒక పలక వ్రాయింపవలెను. చెరువు నిలుచుటకు కావలసిన పండ్రెండు అంగములను, దానిని చెఱచు ఆరు దోషములను రాతిమీద చెక్కించి 1369లో పోరుమామిళ్లలో నిలిపిన సీమ మనది. నీటినిగూర్చి అంత శ్రద్ధ వహించిన పెద్దల వారసులకు ప్రాణమునుగూర్చి నాలుగు పంక్తులు సుద్దతో వ్రాయుట భారము కాదు. అందు 108 సంఖ్యతోపాటు, దగ్గరి ఆరోగ్యకేంద్రపు ఫోను సంఖ్యయు, రాత్రివేళ ఆటో తీయుటకు ఒప్పుకొన్న ఇద్దరు ముగ్గురి సంఖ్యలును వారి సమ్మతితో వ్రాయవలెను. కంబళ్ల వెలకు ఎవరైన అభ్యంతరము చెప్పినచో వార్షిక సమావేశపు భోజనములలో నొక పిండివంట తగ్గింపవచ్చును. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుటకై, సమ్మతిగల సభ్యులు సంతకములు చేసిన కాగితమును కార్యదర్శిగారికి ముందుగా అందజేయ గోరుచున్నాను.